ఇంటి వాతావరణ కేంద్రములు: వాటి అంకెలను ఎంతవరకు నమ్మవచ్చును?

కొత్తవలస రైలు కూడలి విశాఖపట్టణమునకు ఉత్తరముగా సుమారు 25 కిలోమీటర్ల దూరములో ఉన్నది. చెన్నై-హౌరా మార్గమునుండి కిరండూలునకు పోవు ఇనుపఖనిజపు దారి ఇక్కడనే చీలును. తూర్పున సముద్రము ఇంచుమించు అంతే దూరము, పడమట కొండలు. వేసవి మధ్యాహ్నమున విశాఖ తీరమందు 35 డిగ్రీలు ఉన్నదని రేడియోలో చెప్పిన దినమున కొత్తవలసలో ఎంత ఉండును? పూర్వము ఈ ప్రశ్నకు ఊహయే జవాబు. నేడు రాష్ట్ర ప్రభుత్వమువారు నెలకొల్పిన స్వయంచాలక వాతావరణ కేంద్రములు ఆంధ్రప్రదేశ్ మండలములలో వేయికి పైగా ఉన్నవి. వీటికి తోడు, కొన్ని వేల రూపాయలకు బజారులో దొరకు ఇంటి వాతావరణ కేంద్రములు పాఠశాలల మేడలమీదికిని, ఉత్సాహవంతుల డాబాలమీదికిని ఎక్కినవి. ఫోనులో 41.7 డిగ్రీలు అని కనబడిన గడియలోనే ఆ అంకె ఊరంతయు ప్రాకును.

ఆ అంకెలో చివరి 7 నిజమా? పోనిండు, 41 అయినను నిజమా?

ఇది కేవలము కుతూహలమునకు సంబంధించిన ప్రశ్న కాదు. భారత వాతావరణ శాఖవారి నియమము ప్రకారము గరిష్ఠ ఉష్ణోగ్రత మైదానములందు 40 డిగ్రీలకు, తీరప్రాంతమందు 37 డిగ్రీలకు చేరి, ఆ దినమునకు సాధారణమైన దానికంటె 4.5 డిగ్రీలు హెచ్చినపుడు వడగాలి అందురు. ఉష్ణమాపకము మూడు డిగ్రీలు ఎక్కువ చూపినచో మామూలు ఎండ వడగాలి అగును. నాలుగుసార్లు అట్లు బెదరిన జనము అయిదవసారి నిజమైన వడగాలి వచ్చినపుడు లెక్కచేయరు. వాన లెక్క మరింత సూటిగా డబ్బుతో ముడివడినది. వాతావరణము ఆధారముగా నడచు పంటల బీమా మన దేశములో ప్రభుత్వ పథకముగా 2007 నుండి ఉన్నది. ఈ పద్ధతిలో నిర్ణయింపబడిన కేంద్రమున నమోదైన వర్షము మొదలగు అంకెలను బట్టి పరిహారము లెక్కింతురు. పొలములోని పంటను కోసి తూచుట లేదు. ఇంటి యంత్రపు లెక్కను బీమావారు అంగీకరింపరు, నిజమే. కాని “మా పల్లెలో అంత వాన పడలేదు” అని వాదించు రైతునకు చేతనున్న సాక్ష్యము ఏ పాఠశాల మేడమీది యంత్రమో ఇచ్చిన అంకెయే. ఎదుటివాడు నాలుగు ప్రశ్నలు వేసినపుడు ఆ సాక్ష్యము నిలుచునా?

ఇంటివద్ద ఆకాశమును కొలుచుట ఈ ప్రాంతమునకు కొత్త కాదు. గోడే వెంకట జగ్గారావు (1817-1856) మద్రాసు వేధశాలలో టి. జి. టేలరు వద్ద శిక్షణ పొంది, 1840లో విశాఖపట్టణమున సొంత ఖర్చుతో ఒక వేధశాలను నెలకొల్పెను. ఆయన అనంతరము అల్లుడు అంకితము వెంకట నర్సింగరావు (1827-1892) దానిని నడపెను. 1874 నాటి శుక్రగ్రహ సంక్రమణమును అక్కడినుండి పరిశీలించిరి. గ్రహనక్షత్రములతోపాటు వాతావరణ పరిశీలనలను కూడ జరిపిరి. విజయనగరము జిల్లా 1979లో ఏర్పడువరకు కొత్తవలస ప్రాంతము విశాఖపట్టణము జిల్లాలోనిదే కనుక, ఇక్కడి విద్యార్థులు ఈ కథను తమదిగా చెప్పుకొనవచ్చును. ఆ కాలపు పరికరములు గాజు ఉష్ణమాపకము, పాదరసపు భారమితి. పాదరసపు భారమితిని చదివినవాడు ఊరకుండుటకు వీలులేదు. పాదరసము వేడికి వ్యాకోచించును కనుక అందుకు తగిన సవరణ చేసి గాని అంకెను పుస్తకములో వ్రాయరాదు. అనగా పరికరపు లోపము పరిశీలకునికి ప్రతిదినము కండ్లయెదుట ఉండెడిది. నేటి యంత్రము ఆ శ్రమను తప్పించినది. దానితోపాటు లోపమును కూడ కంటికి కనబడకుండ దాచినది. అసలు ఇబ్బంది అంతయు ఇక్కడనే ఉన్నది.

బజారులోని సరుకును స్థూలముగా నాలుగు తరగతులుగా చూడవచ్చును. బల్లమీద నిలుపు చిన్న తెరయు, కిటికీ వెలుపల వ్రేలాడదీయు ఒక సెన్సారును గలవి అన్నిటికంటె చౌక. వేడి, తేమ, వాన, గాలివేగము, గాలిదిక్కు అను అయిదింటిని ఒకే కొయ్యమీద కొలుచు తెల్లని ప్లాస్టిక్ యంత్రములు రెండవ రకము; ఇంటి వాతావరణ కేంద్రమనగా సాధారణముగా వీటినే అందురు. మూడవది విద్యార్థులు విడిభాగములు తెచ్చి స్వయముగా అమర్చుకొనునది. డేవిస్ వంటి కంపెనీలు చేయు ఖరీదైన యంత్రములు నాలుగవ రకము. వీటి వెల మన దేశములో లక్ష రూపాయల దాపునకును ఆపైకిని పోవును కనుక సామాన్య పాఠశాలకు అందదు. అయినను పోలికకు పనికివచ్చును.

పెట్టెమీద అచ్చువేసిన మాటలను మొదట చదువవలెను. రెండవ రకము యంత్రములకు తయారీదారులు సాధారణముగా చెప్పుకొను ఖచ్చితత్వము ఉష్ణోగ్రతలో ఒక డిగ్రీ అటూ ఇటూ, తేమలో నూటికి 5, వానలో నూటికి 10. తెరమీద మాత్రము ఉష్ణోగ్రత దశాంశముతో సహా కనబడును. ఈ రెండింటికి గల భేదము విద్యార్థులకు బోధించుట తేలిక కాదు. సాగిపోయిన దర్జీ టేపుమీద కూడ మిల్లీమీటరు గీతలు చక్కగా ఉండును. వాటితో కొలిచిన చొక్కా మాత్రము ఒంటికి పట్టదు. గీతలు ఎంత దగ్గరగా ఉన్నవి అన్నది ఒకటి, కొలత ఎంత నిజము అన్నది మరియొకటి. పైగా పెట్టెమీద చెప్పిన ఖచ్చితత్వము సెన్సారునకు సంబంధించినది. ఆ సెన్సారును ప్లాస్టిక్ గూటిలో పెట్టి, కొయ్యకు తగిలించి, మే నెలలో డాబామీద నిలిపిన తరువాత ఏమగునో పెట్టె చెప్పదు. పెట్టెమీది బొమ్మలో పచ్చగడ్డియు చల్లని ఆకాశమును ఉండును. సిమెంటు డాబా ఎక్కడను కానరాదు.

స్వయముగా అమర్చుకొను రకములో ఈ సంగతి స్పష్టముగా కనబడును. విద్యార్థులు తరచుగా వాడు డి.హెచ్.టి. 11 అను నీలిరంగు సెన్సారు ఉష్ణోగ్రతను రెండు డిగ్రీల తేడాతో మాత్రమే చెప్పగలదు. దానికి అన్నగారైన డి.హెచ్.టి. 22 అర డిగ్రీ తేడాతో చెప్పును. ఖరీదులో భేదము కొద్ది వందల రూపాయలు మాత్రమే. కాని అర డిగ్రీ సెన్సారును ఎండలో పెట్టి, రెండు డిగ్రీల సెన్సారును మంచి నీడగూటిలో పెట్టినచో, మధ్యాహ్నము రెండవదే సత్యమునకు దగ్గరగా ఉండగలదు. వెలను బట్టి ఖచ్చితత్వము వచ్చునను నమ్మకము ఇక్కడ తలక్రిందులగుచున్నది.

కారణము ఇది. వాతావరణ శాస్త్రములో ఉష్ణోగ్రత అనగా గాలి ఉష్ణోగ్రత, ఎండ తగిలిన వస్తువు ఉష్ణోగ్రత కాదు. ఎండలో పెట్టిన ఉష్ణమాపకము తన వేడిని తానే కొలుచుకొనును. ఈ చిక్కును తీర్చుటకు 1864లో స్కాట్లండు ఇంజనీరు థామస్ స్టీవెన్‌సన్ ఒక పెట్టెను రూపొందించెను. తెల్లరంగు వేసిన కొయ్యపెట్టె. నాలుగు ప్రక్కల ఏటవాలు పలకల గోడలు. గాలి ధారాళముగా దూరును, ఎండ దూరదు. మన దేశములో దీనిని పచ్చిక నేలమీద నిలిపి, ఉష్ణమాపకములు భూమికి సుమారు 1.2 మీటర్ల ఎత్తున ఉండునట్లు అమర్చుదురు. తలుపు ఉత్తరమునకు తెరచుకొనును, చదువునపుడు ఎండ లోపల పడకుండుటకు.

ఇంటి యంత్రములోని నీడగూడు ఈ పెట్టెకు బొమ్మ వంటిది. ఒకదానిపై ఒకటి బోర్లించిన ప్లాస్టిక్ పళ్లెములు, వాటి నడుమ సెన్సారు. గాలి వీచుచున్నంతసేపు పనిచేయును. గాలి స్తంభించి ఎండ కాయునపుడు పళ్లెములు వేడెక్కి, నడుమనున్న గాలిని వేడిచేయును. ఒక డిగ్రీ మొదలు మూడు డిగ్రీలవరకు లెక్క హెచ్చుట సామాన్యము. రెండు వేసవులు గడచి తెల్లని ప్లాస్టిక్ పసుపురంగునకు తిరిగినచో పొరపాటు ఇంకను పెరుగును. ఇక యంత్రము డాబామీద ఉన్నదా, క్రిందనుండి మరియొక పొయ్యి తోడగును. మే నెల మధ్యాహ్నము అరికాలు మోపలేనంతగా కాలు సిమెంటునకు మీటరు ఎత్తున పెట్టిన సెన్సారు చెప్పునది కొత్తవలస ఉష్ణోగ్రత కాదు, ఆ డాబా ఉష్ణోగ్రత. రాత్రివేళ కూడ ఆ సిమెంటు పగటి వేడిని వదలుచుండును కనుక కనిష్ఠ ఉష్ణోగ్రత కూడ పైకి పోవును. ఖరీదైన యంత్రములలో కొన్నింటికి గూటిలోనికి గాలిని పీల్చు చిన్న పంకా ఉండును. నిజముగా వెలకు తగిన లాభము అక్కడ ఉన్నది. అంతేగాని సెన్సారులో కాదు.

ఇది ఊహించి చెప్పిన మాట కాదు. ఇంగ్లండులోని బర్మింగ్‌హామునందు వింటర్‌బోర్న్ కేంద్రములో బెల్, కార్న్‌ఫర్డ్, బాస్టిన్ అను పరిశోధకులు ప్రజలు ఎక్కువగా కొను కొన్ని ఇంటి యంత్రములను ప్రమాణ పరికరముల ప్రక్కన నిలిపి పోల్చి, ఫలితములను 2015లో ప్రకటించిరి. ఎండ హెచ్చిన కొలది కొన్ని యంత్రములు ఉష్ణోగ్రతను ఎక్కువ చేసి చూపినవి; నీడగూటి నిర్మాణమును బట్టి ఈ దోషము ఒక్కొక్కదానిలో ఒక్కొక్క తీరున ఉన్నది. బర్మింగ్‌హాము ఎండలోనే ఇట్లుండగా కొత్తవలస ఎండలో ఎట్లుండునో ఉపాధ్యాయులు ఊహించుకొనవచ్చును. ఆ పరిశోధకులు మరియొక ఉపయోగకరమైన సంగతిని చూపిరి: దోషము ఎండను బట్టి ఒక క్రమములో మారుచున్నచో దానిని లెక్కగట్టి తీసివేయవచ్చును. తెలిసిన తప్పు ప్రమాదకరము కాదు.

వర్షమునకు వత్తము. ఇందులో ఇంటి యంత్రము గట్టి పోటీని ఎదుర్కొనవలసియున్నది. పోటీదారు మరియొక విద్యుత్ యంత్రము కాదు, పాతకాలపు చేతి వర్షమాపకము. మన వాతావరణ శాఖవారి ప్రమాణ వర్షమాపకపు నోటి వైశాల్యము 200 చదరపు సెంటీమీటర్లు. అంచు నేలకు 30 సెంటీమీటర్ల ఎత్తున ఉండును. అందులో పడిన నీటిని కొలగ్లాసులో పోసి చదువుటయే. కదలు భాగము లేదు, బ్యాటరీ లేదు, పాడగుటకు ఏమియు లేదు.

ఇంటి యంత్రములో గరాటు క్రింద ఏతము వంటి ఒక చిన్న త్రాసు ఉండును. రెండు వైపుల రెండు దొన్నెలు. ఒకటి నిండగనే బరువునకు ఒరిగి నీటిని పారబోయును, రెండవది గరాటు క్రిందికి వచ్చును. ఒక్కొక్క ఒరుగునకు 0.2 మిల్లీమీటరు, లేక 0.3 మిల్లీమీటరు వాన అని లెక్క. మన చిరుజల్లులకు ఇది చక్కగా పనిచేయును. కుండపోతలో మాత్రము తప్పును. దొన్నె ఒరిగి ప్రక్కకు పోవు ఆ క్షణములో గరాటునుండి పడు నీరు లెక్కకు రాదు. ఈ నష్టము ఒక్కొక్క ఒరుగునకు సెకనులో మూడు పదవ వంతులనుకొందము. గంటకు 30 మిల్లీమీటర్ల వానలో 0.3 మిల్లీమీటరు దొన్నె 36 సెకన్లకొకసారి ఒరుగును. నష్టము నూటికి ఒకటైనను ఉండదు. గంటకు 200 మిల్లీమీటర్ల వేగముతో కురియునపుడు 5.4 సెకన్లకొకసారి ఒరుగవలెను. నష్టము నూటికి ఐదు దాటును. అనగా ముఖ్యమైన వానలోనే యంత్రము తక్కువ చెప్పును. వైశాఖమాసపు ఉరుముల వానయు, అక్టోబరు తుఫాను వానయు ఈ తరగతిలోనివే.

ఇక సాలెగూడు, కందిరీగలు, మామిడాకు, పిట్టరెట్ట. గరాటు రంధ్రము మూసికొనిపోయినపుడు యంత్రము “సున్న” అని గంభీరముగా చెప్పును. చేతి వర్షమాపకమును ప్రతిదినము ఒకరు ముట్టుకొందురు కనుక ఈ దోషము మరునాడే బయటపడును. మేడమీది యంత్రమును ఎవరు చూచెదరు?

దీనిని పరీక్షించుటకు విద్యార్థులకు అవకాశమున్నది. తొమ్మిదవ తరగతి గణితము చాలును. గరాటు అడ్డుకొలత 12 సెంటీమీటర్లైనచో వైశాల్యము సుమారు 113 చదరపు సెంటీమీటర్లు. పది మిల్లీమీటర్ల వాన అనగా 113 మిల్లీలీటర్ల నీరు. ఆసుపత్రిలో వాడు సెలైను గొట్టము వంటిదానితో ఆ నీటిని 20 నిమిషములపాటు బొట్లుబొట్లుగా వదలవలెను. 0.3 మిల్లీమీటరు యంత్రము 33 సార్లు ఒరిగినచో బాగు. 29 సార్లు మాత్రమే ఒరిగినచో అది నూటికి 12 వంతులు తక్కువ చెప్పుచున్నది. ఆ తరువాత అదే నీటిని 3 నిమిషములలో పోసి మరల లెక్కింపవలెను. పై పేరాలో చెప్పిన కుండపోత నష్టము కండ్లయెదుట కనబడును. విజయనగరము ప్రాంతములో సంవత్సరపు వర్షము సుమారు 1100 మిల్లీమీటర్లు. పెట్టెమీద క్షమాపణ కోరినట్లు అచ్చువేసిన “నూటికి 10” అనగా ఏటికి 110 మిల్లీమీటర్లు, ఒక మంచి తడి వారము మొత్తము.

ఒక హెచ్చరిక. రెండు వీధుల అవతలనున్న మరియొక యంత్రముతో పోల్చి “నాది తప్పు, నీది ఒప్పు” అనరాదు. ఉరుముల వాన కొత్తవలస రైలు స్టేషనువద్ద కురిసి రెండు కిలోమీటర్ల దూరములో దుమ్ము రేపి పోవుట వింత కాదు. అప్పుడు రెండు యంత్రములు భిన్నముగా చెప్పుటయే సత్యము. పరికరములను పోల్చవలెనన్న ప్రక్కప్రక్కన నిలుపవలెను. ఇంగ్లండులో జార్జి జేమ్స్ సైమన్స్ 1860లో నూటయాభైకి పైగా వర్షకేంద్రముల లెక్కలతో ప్రారంభించిన కార్యము ఆయన 1900లో మరణించునాటికి మూడువేలు దాటెను. ఆ పరిశీలకులలో చాలమంది జీతము లేని ఔత్సాహికులే. అందరికిని ఒకే తీరు పరికరము, ఒకే నియమములు ఉండవలెనని సైమన్స్ పట్టుపట్టుటవలననే ఆ లెక్కలు నేటికిని పనికివచ్చుచున్నవి.

భారమితి విషయములో ఇంటి యంత్రమును మెచ్చుకొనక తప్పదు. బి.ఎం.పి. 280 అను సెన్సారు చిటికెన వ్రేలిగోటికంటె చిన్నది, బహుచౌక. గాలి పీడనమును ఒక మిల్లీబారు తేడాతో చెప్పగలదు (హెక్టాపాస్కలన్నను మిల్లీబారన్నను ఒకటే). గదిలో పెట్టినను పీడనము మారదు కనుక ఎండ, డాబా, కందిరీగ అను శత్రువులు దీనికి లేవు. ఉష్ణమండలములో గాలి పీడనము దినమునకు రెండుసార్లు ఎక్కి రెండుసార్లు దిగును: ఉదయము, రాత్రి పది గంటల ప్రాంతమున ఎక్కువ, వేకువ, సాయంత్రము నాలుగు గంటల ప్రాంతమున తక్కువ. ఈ ఆటుపోటు మొత్తము మూడు మిల్లీబార్లకు అటూ ఇటూ మాత్రమే. చౌక సెన్సారు దీనిని స్పష్టముగా గీయును. దీనిని గీయలేని యంత్రమును తిప్పి పంపివేయుట మేలు.

అయితే ఇందులోనూ ఒక గుంట ఉన్నది. సముద్రమట్టమునుండి 50 మీటర్లు ఎక్కినచో పీడనము సుమారు 6 మిల్లీబార్లు తగ్గును. కొత్తవలస సముద్రమట్టమునకు కొన్ని పదుల మీటర్ల ఎత్తున ఉన్నది. యంత్రములో ఊరి ఎత్తును నమోదు చేయనిచో, దాని లెక్క ప్రకారము కొత్తవలసమీద సంవత్సరము పొడుగున అల్పపీడనము నిలిచియుండును! 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్టణమువద్ద తీరము దాటినపుడు దాని కేంద్రములో పీడనము 950 మిల్లీబార్లవరకు పడిపోయినదని అంచనా. అట్టి తుఫానునకు ఆరు మిల్లీబార్ల తప్పు ఒక లెక్క కాదు. కాని బంగాళాఖాతములో అప్పుడే పుట్టు వాయుగుండమును పసిగట్టుటకు ఆ ఆరే సర్వస్వము. ప్రశాంతమైన దినమున ఉదయము 8:30కు విశాఖపట్టణపు సముద్రమట్ట పీడనముతో సరిచూచి సవరించుకొన్నచో సరిపోవును.

తేమ సెన్సారు మొదటి సంవత్సరము మర్యాదగా నడచుకొని, తరువాత చెడును. ఉప్పుగాలి, రాత్రింబవళ్లు వదలని తడి దానిని త్వరగా ముసలిదానిని చేయును. డి.హెచ్.టి. 11 అసలే నూటికి 90 పైన చెప్పుటకు తగినది కాదు. మన శ్రావణ భాద్రపద రాత్రులలో తేమ తరచుగా ఆపైననే ఉండును. పరీక్ష వంటింటిలోనే ఉన్నది. మూతగల డబ్బాలో చిన్న గిన్నెడు ఉప్పును ముద్దగా తడిపి పెట్టి, సెన్సారును నీరు తగులకుండ లోపల ఉంచి, ఒక రాత్రి కదపకుండ వదలవలెను. లోపలి తేమ నూటికి 75 వద్ద నిలుచును. అది ప్రకృతి నియమము. యంత్రము 83 అన్నచో ఎనిమిది తీసివేసి చదువుకొనవలెను.

గాలివేగమును గురించి ఎక్కువ చెప్పనవసరము లేదు. ప్రమాణము ప్రకారము బయలు ప్రదేశమున నేలకు 10 మీటర్ల ఎత్తున కొలువవలెను. బయలులోనే రెండు మీటర్ల ఎత్తున గాలి అందులో నాలుగింట మూడు వంతులకు తక్కువ. చుట్టును గోడలు, తాటిచెట్లు, నీళ్లట్యాంకు ఉన్నచో ఎంత తగ్గునో ఎవరును చెప్పలేరు. దిక్కు కొంతవరకు నమ్మవచ్చును. వేగమును బడి గోడపత్రికలో వ్రాయకుండుట మంచిది.

ఈ పరిశీలన తరువాత, ఒక ఉన్నత పాఠశాల తనకున్న కొద్ది సొమ్ముతో ఏమి కొనవలెను? అయిదింటిని కొలుచు మెరుగైన యంత్రమునకే అంతయు వెచ్చించుటకంటె, మొదట ప్రమాణ పరిమాణముగల చేతి వర్షమాపకమును ఒకటి కొని ఆటస్థలములో, చుట్టుప్రక్కల చెట్ల ఎత్తునకు రెండింతల దూరములో పాతుకొనవలెను. వడ్రంగి చేత కొయ్యతో పలకల పెట్టె చేయించి తెల్లరంగు వేయవలెను. ఇంటి యంత్రపు సెన్సారును దాని ప్లాస్టిక్ గూటినుండి తీసి ఆ పెట్టెలో పెట్టినచో చౌక యంత్రము ఒక్కసారిగా రెండు తరగతులు పైకెక్కును. కొయ్యపనికి అగు ఖర్చు మరింత మంచి సెన్సారునకు అగు ఖర్చుకంటె తక్కువే, ఫలితము మాత్రము ఎక్కువ.

రైతు సాక్ష్యము సంగతి కూడ ఇక్కడనే తేలును. వట్టి అంకె సాక్ష్యము కాదు. యంత్రమును ఏ తేదీన ఎక్కడ నిలిపిరి, నేలకు ఎంత ఎత్తు, ఏ చెట్టు ఎంత దూరము, నీళ్లు పోసి పరీక్షించినపుడు ఎన్నిసార్లు ఒరిగినది, గరాటును ఎప్పుడు శుభ్రపరచిరి అను వివరములు ఒక దళసరి పుస్తకములో తేదీలతో ఉన్నచో, అధికారి ముందు పెట్టుటకు ఏదో ఒకటి ఉన్నట్లు. లక్ష రూపాయల యంత్రమునకైనను ఆ పుస్తకము లేనిచో అంత విలువ లేదు. అంకెలన్నియు కంపెనీవారి దూరపు కంప్యూటరులో భద్రముగా ఉన్నవని నమ్మి ఊరకుండుట కూడ తగదు. కంపెనీ మూతపడినచో అవియు పోవును. నెలకొకసారి కాగితముమీదికి ఎక్కించుకొనవలెను.

మరియొక చిన్న విషయము పెద్ద తగవులు తెచ్చుచున్నది. మన వాతావరణ శాఖవారి వర్షదినము ఉదయము 8:30 నుండి మరునాటి ఉదయము 8:30 వరకు. ఇంటి యంత్రములలో చాలవాటికి దినము అర్ధరాత్రితో ముగియును. రాత్రి రెండు గంటలకు కురిసిన 60 మిల్లీమీటర్ల వాన, అర్ధరాత్రి దాటినది కనుక, ఇంటి యంత్రములో రెండవ తేదీ వాన. ప్రభుత్వపు లెక్కలోనూ అది రెండవ తేదీ ఉదయము ప్రకటించిన వానయే. కాని అదే వాన రెండవ తేదీ ఉదయము పది గంటలకు కురిసియున్నచో, ప్రభుత్వపు పట్టికలో మూడవ తేదీన కనబడును. ఇది ఎరుగనివారు రెండు పట్టికలను ప్రక్కప్రక్కన పెట్టి, ఒకరు అబద్ధమాడుచున్నారని నిశ్చయించుకొందురు.

ఇంతయు చెప్పిన పిమ్మట స్వయంచాలక యంత్రపు పక్షమున ఒక మాట చెప్పకున్న అన్యాయమగును. చేతి వర్షమాపకమునకు మనిషి కావలెను. ఆదివారము ఎవరు చదువుదురు? అంతకంటె పెద్ద చిక్కు వేసవి సెలవులు. ఎండలు ముదిరి, ఉరుముల వానలు కురియు ఏప్రిలు చివర, మే నెలలలోనే పాఠశాల తలుపులు మూసియుండును. బడి పుస్తకములో సంవత్సరపు అత్యధిక ఉష్ణోగ్రత ఏప్రిలు మూడవ వారమునదే అయి కూర్చుండును. ఆ యేడు వారములు మేడమీద ఒంటరిగా నిలిచి అయిదు నిమిషములకొకసారి ఏదో ఒక అంకెను వ్రాసికొనునది ఆ ప్లాస్టిక్ యంత్రమే. సెలవులకు ముందు ఒక నెల, తరువాత ఒక నెల చేతి పరికరముల ప్రక్కన నిలిపి దాని తప్పు ఎంతయో కనిపెట్టియున్నచో, ఆ నడిమి యేడు వారముల లెక్కలను సరిదిద్ది పుస్తకములో ఎక్కించుకొనుటకు వీలున్నది. జూనులో బడి తెరచినపుడు తొమ్మిదవ తరగతివారు మొదట చేయదగిన పని, గరాటులోని కందిరీగల గూడు తీసివేయుట.